కానరాని కాలినగాయము

సికింద్రాబాదు స్వప్నలోక్ భవనమున 2023 మార్చి 16వ తేదీ రాత్రి ఆరుగురు యువజనులు అసువులు బాసిరి. అంతకు ఆరు మాసములకు ముందు, 2022 సెప్టెంబరు 12న, ఆ నగరముననే విద్యుత్ స్కూటర్ల దుకాణముపై నున్న వసతిగృహమున ఎనమండుగురు; 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద పదునేడుగురు. వీరిలో పెక్కురను చంపినది మంట కాదు, పొగ. 'అగ్నికి ఆహుతి' యని వ్రాయుట మా పత్రికలవారికి వాడుక; ఆ మాట యథార్థమును మరుగుపరచుచున్నది.

వేడిగాలి సామాన్యముగ ఊపిరితిత్తులదాక పోయి కాల్పదు. ముక్కు, నోరు, కంఠము ఆ వేడిమిని తామే గ్రహించి దగ్ధమగును. 1945లో మోరిట్జ్ ప్రభృతులు జంతువులపై జరిపిన పరిశోధన దీనిని స్థాపించినది. ఆవిరి మాత్రము అంతకంటె లోతునకు దిగగలదు. క్రింది శ్వాసనాళములను చెరచునవి పొగలోని విషద్రవ్యములు. కంఠము కాలినవాడు మొదట బాగుగనే మాటాడును. గంటలు గడచుకొలది లోపలిపొర వాచి, స్వరపేటికకడ దారి మూసికొనిపోవును. ముక్కువెండ్రుకలు మాడుట, ఉమ్మిలో మసి, గొంతు బొంగురుపోవుట కానవచ్చినచో, చర్మముపై బొబ్బ యొక్కటి లేకున్నను, తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. వాపు ముదిరిన పిదప శ్వాసగొట్టము దింపుట నిపుణులకును దుష్కరము.

ఇక కార్బన్ మోనాక్సైడు. అది హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రమారమి 200 రెట్లు గట్టిగ పట్టుకొనును. వేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు ఆ రెంటికిని భేద మెరుగదు. ప్రాణము పోవుచున్నవానికిని మంచి అంకెయే చూపవచ్చును. కావున అంకెను నమ్మక శుద్ధమైన ప్రాణవాయువు నీయవలెను. బయటిగాలిలో సగమగుటకు నాలుగైదు గంటలు పట్టు విషము దానిచే గంట, గంటన్నరలో సగమగును.

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరమున కోకోనట్ గ్రోవ్ విలాసగృహము తగులబడి 492 మంది మరణించిరి. పొగ పీల్చినవారి శ్వాసకోశములను అచ్చటి వైద్యులు శ్రద్ధతో పరిశీలించిరి, చట్టములును మారినవి. మన నగరములలోనో, నేలమాళిగ గోదామగుచున్నది, కిటికీకి ఇనుప కటకటము, ఎన్ని అంతస్తులున్నను మెట్లదారి యొక్కటే. పొగకు ఆ మెట్లదారియే పొగగొట్టము! అద్దె పుచ్చుకొను గృహస్థులు ఈ మాట తమను గూర్చినదే యని గ్రహింతురుగాక.

అగ్నిమాపక శాఖవారు ఏ భవనమునకు ఏనాడు అనుమతి యొసగిరో, రెండవదారి యున్నదో లేదో ఆ వాకిటనే వ్రాసి కట్టవలెను. ఏ జిల్లా ఆసుపత్రిలో శ్వాసగొట్టము దింపగల వైద్యుడు రాత్రివేళ నుండునో ప్రభుత్వము పేరుపేరున ప్రకటింపవలెను.