సవారోకి చెయ్యి మొలిచేదాకా

ఇక్కడ ఫీనిక్సు పక్కన చాండ్లర్లో మనవాళ్ళు ఇల్లు కొనగానే ముందు గడ్డి పీకించి కంకర పోయిస్తారు. మంచిదే, ఈ ఎండల్లో లాన్ పెంచడమంటే నీళ్ళు రోడ్డు మీద పొయ్యడమే. ఆ తర్వాత, ఎడారి అన్నాక సవారో లేకపోతే ఎలా అని (స్పెల్లింగులో జి ఉంటుంది గానీ పలకరు) రెండు చేతులున్న పదిహేనడుగుల చెట్టుని క్రేనుతో దింపిస్తారు. నాకు నచ్చనిది ఈ రెండోది.

నేనూ ఆ పని చేసినవాణ్ణే లెండి. "ఇంటి ముందు ముళ్ళచెట్టేంట్రా" అని అమ్మ ఫోన్లో అంటే నవ్వేశాను. మూడేళ్ళు నిగనిగలాడింది. నాలుగో ఏడు మొదట్లో నల్లటి రసం కారింది, కంపు. తీయించడానికి మళ్ళీ క్రేను, మళ్ళీ డబ్బులు.

తర్వాత తెలిసిందేంటంటే, సవారో వేర్లు చాలావరకు అయిదారు అంగుళాల లోతులోనే, చెట్టు ఎంత ఎత్తో దాదాపు అంత దూరం పాకుతాయి. పెకలించినప్పుడు వాటిలో ఎక్కువ భాగం తెగిపోతాయి. అయినా ఒంట్లో దాచుకున్న నీళ్ళతో ఏళ్ళ తరబడి పచ్చగా కనబడుతుంది, సర్వర్ పడిపోయినా క్యాష్‌లోంచి పేజీ వస్తున్నట్టు. పైగా నేను చెయ్యి ఊరుకోక వారానికి రెండుసార్లు నీళ్ళు పెట్టాను!

అందుకే నేననేది, పిడికెడంత మొక్క నాటండి. నిజమే, మొదటి ఎనిమిదేళ్ళలో అంగుళం, అంగుళంన్నర పెరుగుతుందంతే. చెయ్యి మొలవడానికి యాభై నుంచి డెబ్భై ఏళ్ళు. "గ్రీన్ కార్డే నయం కదండీ" అన్నాడో మిత్రుడు. కాదనలేకపోయాను.

ఇంకో మాట. 2023లో ఫీనిక్సులో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గలేదు. పుట్టినచోటే నిలబడ్డ సవారోలు కూడా కూలాయి. ఇది పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకునే చెట్టు. రాత్రి కూడా కాంక్రీటు సెగలు కక్కుతుంటే ఏం చేస్తుంది? కాబట్టి ఒంటరిగా కంకరలో పెట్టకండి. ఎడారిలో అది ఎక్కువగా పాలో వెర్డె లాంటి చెట్ల నీడలో మొలుస్తుంది, అలాగే పెట్టండి. నర్సరీలో ఏ వైపు దక్షిణానికి ఉందో గుర్తు పెట్టుకుని అదే దిక్కుకి నాటాలి, లేకపోతే ఎండ తెలియని వైపు కాలిపోతుంది. ఎడారిలోంచి తవ్వి తెచ్చినదైతే రాష్ట్రం వాళ్ళ ట్యాగు చూడందే కొనకండి.

చుట్టూ ఇనప జాలీ మాత్రం మరవకండి. నా మొదటి బుల్లి మొక్కని కుందేళ్ళు తినేశాయి. ఇప్పుడున్నది రెండోది.