కోతిబుద్ధి

నిలుకడలేని పిల్లవానిని "కోతిబుద్ధి వాడు" అని మందలించుట మన యిండ్లలో వాడుక. మా కరీంనగరు సీమలో కొండగట్టు కోతులను చూచినవారికి ఈ మాట న్యాయముగనే తోచును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మలు చెంత, వాని బాధ పడలేకయే 2020లో నొక కోతుల సంరక్షణకేంద్రము నెలకొల్పి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి యడవులకు విడుచు నేర్పాటు గావించిరి.

అయినను ఆ నిందపడిన బుద్ధిలో నొక గొప్ప గుణము కలదు. తన నిశ్చయ మెంత గట్టిదో కోతి కొంతవఱకు తానే యెఱుగును.

కియానీ, షాడ్లెన్ అను శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరీక్షను వినుడు. తెరమీద చుక్కల గుంపు ఏ దిక్కునకు కదలుచున్నదో కోతి చూపు మరల్చి తెలుపవలెను. సరిగా తెలిపిన పానీయము లభించును, తప్పిన లేదు. కొన్ని పర్యాయములు మూడవ గుఱుతు నొకదానిని చూపుదురు. దానిని కోరినచో కొద్దిపాటి పానీయమే యైనను తప్పక దొరకును. చుక్కల నడక అస్పష్టమైనకొలది కోతి ఆ చిన్న లాభమునే తఱచుగా కోరెను. ఆ గుఱుతును చూపినను కాదని దిక్కు తెలిపినపుడు, అది చూపని పర్యాయములకంటె దాని జవాబులు హెచ్చుగా సరియైనవి.

ఇక తప్పు జరిగిన పిమ్మటి సంగతి. మెదడు ముందుభాగమున, రెండు అర్ధభాగములు ఎదురెదురుగా నుండు లోపలి తట్టున నొక ప్రదేశము కలదు. పొరపాటు జరిగి బహుమానము తప్పినపుడు అచ్చటి నాడీకణములు కొన్ని చురుకుగొనునని జపానువారైన నికీ, వతనబె 1979లో కోతులయందు చూపిరి. మనుష్యులయందైతే, తప్పుమీట నొక్కిన సెకనులో ఇంచుమించు పదవవంతు కాలములోనే, ఒరులు చెప్పకమునుపే, తలమీద నుంచిన యంత్రమునకు విద్యుత్సంకేత మొకటి దొరకును. అటుపిమ్మటి జవాబు సాధారణముగ నించుక మెల్లగా వచ్చును.

ఈ పరీక్షలు బిడ్డల పెంపకమునకు శాసనములు కావు. అయినను, బడిపంతుళ్ల యిండ్లలో మెలగు మాబోంట్లకు తెలిసిన దొకటి కలదు. పలకమీద లెక్క తప్పిన చిన్నది ఒక్కక్షణ మాగి, కనుబొమలు ముడిచి చూచును. అది మొద్దుతనమని యెంచి వెంటనే గద్దించినచో, తప్పు దిద్దుటకు మాఱు పలక దాచుట నేర్చును. ఆ క్షణమును బిడ్డకు విడువుడు. అప్పటికిని తెలియకున్న, చెంత కూర్చుండి చెప్పుడు.