ఎంత పోసినావు అని అడగనిద్దాం

ఉగాది మర్నాడు మా పక్క హొసతొడకు. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, కోలారు చుట్టూ ఉన్న తెలుగు ఇళ్ళకు దీని సంగతి చెప్పే పనిలేదు. ఒడిశాలోనో యానాంలోనో ఉండి చదివేవాళ్ళకు ఒక్క మాట: పండగనాడు ఓళిగలు తిన్న నోటికి మర్నాడు మాంసం అన్నమాట. పొద్దున ఆరు గంటలకే మటన్ అంగడి ముందర క్యూ, మధ్యాహ్నం రాగిముద్ద, పులుసు.

ఆ రోజు ఇంకొకటి కూడా జరుగుతుంది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు. పదకొండు దాటగానే ఇంట్లో మగవాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతారు. ఒకరికి ఫోను కారులో మరిచిపోయినట్టు గుర్తొస్తుంది. ఇంకొకరు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చూసొస్తామంటారు. బయట కారు డిక్కీ తెరిచి ఉంటుంది, అందులో ప్లాస్టిక్ గ్లాసులు. పది నిమిషాలకు సోంపు నములుతూ తిరిగి వస్తారు. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళకు అంతా తెలుసు. వాళ్ళకు తెలుసని వీళ్ళకూ తెలుసు. అయినా ఎవరూ నోరు తెరవరు. అది మన ఇళ్ళలో మర్యాద.

ఈ మర్యాద మనకు చాలా చెరుపు చేసింది అని నా అభిప్రాయం. అందుకే ఈ ఏడు హొసతొడకుకు నేను డిక్కీ దగ్గరకు పోలేదు. నడిమింట్లో, అందరూ కూర్చునే బల్ల మీద, ఎత్తు గ్లాసులు, ఐసు, సోడా, చక్కోతలు, ఒక రమ్ము సీసా పెట్టినాను.

ముందు ఆ గ్లాసు ఎట్లా చేసేదో చెప్తాను. ఇంగ్లీషులో దీన్ని హైబాల్ అంటారు. ఎత్తు గ్లాసు, నిండా ఐసు, కొంచెం మందు, దానికి ఎన్నో రెట్లు సోడా. అంతే దాని సూత్రం. పులుపుకు నేను చక్కోత వాడినాను. మా అవ్వ దాన్ని పంపరపనస అనేది, మా నోట్లో చక్కోత అనే నిలిచింది. దేవనహళ్ళి చక్కోతకు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి కాయలో చేదు తక్కువ, తీపి ఎక్కువ. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చినాక తోటలు చాలా వరకు సైట్లు అయిపోయినాయి. మా పెరట్లో ఒక చెట్టు మిగిలింది, దానికి ఇంకా రెండు కాయలు ఉండినాయి.

తొనల మీద తెల్లటి పొర పూర్తిగా తీసెయ్యాలి, చేదంతా అందులోనే ఉంటుంది. లోపలి ముత్యాలను చేత్తో పిండి వడకట్టాలి, మిక్సీలో వెయ్యొద్దు. ఒక గ్లాసుకు 60 మిల్లీలీటర్ల రసం, అర నిమ్మకాయ, రెండు చెంచాల బెల్లం పాకం, రెండు వేళ్ళకు వచ్చినంత ఉప్పు. మన నల్ల రమ్ము చెరకు మడ్డి నుంచే వస్తుంది, కాబట్టి చక్కెర కంటే బెల్లమే దానికి బాగా కలుస్తుంది. గ్లాసు నిండా ఐసు వెయ్యండి. రెండు ముక్కలు వేస్తే అవి తొందరగా కరిగి పానకం పలచనవుతుంది, నిండా వేస్తే చల్లదనం నిలిచి నిదానంగా కరుగుతుంది. రసం, పాకం, ఉప్పు, రమ్ము ముందే కలిపేసి, చివర ఫ్రిజ్‌లో పెట్టిన సోడా 120 మిల్లీలీటర్లు గ్లాసు అంచు వెంబడి పోయాలి. చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి ఎత్తితే చాలు, ఎక్కువ తిప్పితే గ్యాసు పోతుంది. చక్కోత దొరక్కపోతే బత్తాయి వాడి నిమ్మకాయ ఇంకొంచెం పిండండి.

రమ్ము 30 మిల్లీలీటర్లు. కంటి అంచనా కాదు, కొలిచి. పెగ్గు కొలిచే గిన్నె ఇంట్లో లేదు. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఉంది కదా, 10 మిల్లీలీటర్లది, దాన్నే కడిగి మూడుసార్లు పోసినాను.

ఆ మూత చేతిలో పట్టుకున్నప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ నేర్చినవాడిని నేను. దీనికి రెండు భాషల్లోనూ చాటు పేర్లే. మనం మందు అంటాము, బెంగళూరు కన్నడలో ఎణ్ణె అంటారు, అంటే నూనె. ఔషధమూ నూనే, రెండూ చెంచాతో కొలిచి వాడేవే. పేరు మాత్రం తీసుకున్నాము, కొలత వదిలేసినాము. తాగేవాడికి కూడా మన ఇంట్లో ఉన్నవి రెండే మాటలు: ముట్టడు, లేదంటే తాగుబోతు. ఈ రెండింటి నడుమ ఉన్న మనిషికి మాట లేదు కాబట్టి, ఆ మనిషి ఎటు జరుగుతున్నాడో చెప్పేదానికి కూడా మాట లేకుండా పోయింది.

ఇప్పుడు చిన్నాయన సంగతి. మన ఇంటి చరిత్ర రాసుకున్న కాగితాల్లో ఆయన గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. పట్టుపురుగులు పెంచినారు అని, శిడ్లఘట్ట మార్కెట్టులో ఆయన గూళ్ళకు మంచి ధర పలికేదని, పెండ్లి సంగతి, చివర్లో 49 ఏళ్ళకు కామెర్లతో పోయినారు అని. కామెర్లు నిజమే. తాగి తాగి లివరు చెడిపోయినందుకు వచ్చిన కామెర్లు అని మాత్రం రాయలేదు. చిన్నమ్మను అడిగి, ఆమె సరే అన్నాకనే ఇప్పుడు రాస్తున్నాను.

చిన్నాయన ఇంట్లో ఒక్క చుక్క తాగింది ఎవరూ చూడలేదు. గూళ్ళ డబ్బు చేతికి వచ్చిన రోజు అంగడి కౌంటరు దగ్గర నిలబడి, ఒక క్వార్టరు, ఒక నీళ్ళ ప్యాకెట్టు, పది నిమిషాల్లో ముగించి బండెక్కేవారు. పోను పోను అది గూళ్ళ రోజు మాత్రమే కాకుండా పోయింది. ఎందుకంత తొందర? తెలిసినవాళ్ళు చూస్తారని. ఎందుకు మొత్తం తాగడం? సగం మిగిలిన సీసా ఇంటికి తేలేరు కదా, జేబులో పెట్టుకోలేరు, పారెయ్యడానికి మనసు రాదు. ఎంత తాగాలో ఆయన నిర్ణయించుకోలేదు, దాచిపెట్టాల్సిన అవసరం నిర్ణయించింది.

లెక్క చూడండి. మన దేశంలో మామూలు రమ్ములో ఆల్కహాలు 42.8 శాతం. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు, అందులో శుద్ధ ఆల్కహాలు సుమారు 77. నేను చెప్పిన గ్లాసులో సుమారు 13, అదీ 230 మిల్లీలీటర్లలో పరుచుకుని, బీరు అంత పలచగా ఉంటుంది. ఆయన పది నిమిషాల్లో మింగింది ఇట్లాంటివి ఆరు గ్లాసులు. ఇరవై ఏళ్ళు ఇల్లంతా ఆయన్ని ఎందుకు ఆలస్యమైంది, తిన్నావా అని అడిగింది. ఎంత తాగినావు అని ఒక్కరూ అడగలేదు. అడిగితే మర్యాద పోతుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. రాసిపెట్టని తప్పును ఎవరూ సరిదిద్దరు అనేది మా పనిలో మొదటి పాఠం. మన ఇంట్లో తప్పు రాసిపెట్టలేదు, మనిషి పోయినాక కూడా రాయలేదు.

బల్ల మీద తాగి ఉంటే చిన్నాయన బతికి ఉండేవారు అని నేను అనను. అలవాటు జబ్బుగా మారినాక దానికి వైద్యమే దారి. మా ఊరికి సుమారు 40 కిలోమీటర్లలో నిమ్హాన్స్ ఉంది, వ్యసనాలకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడికి ఎవరమూ తీసుకుపోలేదు. తీసుకుపోవాలంటే ముందు జబ్బుకు పేరు పెట్టాలి కదా.

సముద్రం మీద ఇంగ్లీషు నావికులకు రమ్ము రేషను ఉండేది. 1740లో అడ్మిరల్ వెర్నన్ దాన్ని పచ్చిగా ఇవ్వొద్దని ఆజ్ఞ ఇచ్చినాడు. ఒక పాలు రమ్ముకు నాలుగు పాళ్ళు నీళ్ళు, అదీ ఓడ పైతట్టు మీద, అధికారి ఎదుట కలపాలి, ఒకేసారి కాకుండా రోజుకు రెండుసార్లు ఇవ్వాలి అని. నిమ్మకాయ, చక్కెర కావాలంటే వాళ్ళు కొనుక్కోవచ్చు. మనం బల్ల మీద చేసే గ్లాసుకు తాత అదే: 30కి 120 సోడా, అందరి ఎదుట. ఆ రేషను తాగుడును మాన్పించలేదు, 1970 దాకా నడిచింది. అయినా నలుగురి ఎదుట కలపాలి అనేదాంట్లో ఏదో తెలివి ఉంది.

ఇంట్లోకి తెస్తే ఇంటికే అంటుకుంటుంది అనేది అవ్వ మాట. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగినారు. దాని బలంతోనే 1993లో ఆంధ్రలో సారా ఆగింది, 1995లో మొత్తం మద్య నిషేధం వచ్చింది. దెబ్బలు తిన్నది, పస్తులున్నది వాళ్ళు, వాళ్ళు చేసింది న్యాయం. కానీ 1997కే నిషేధం ఎత్తేసినారు. ఆ నడిమి కాలంలో హిందూపురం పక్క మన బంధువులు కొందరికి గౌరిబిదనూరులో ఉన్నట్టుండి పనులు ఎక్కువైనాయని నాయన చెప్పి నవ్వేవారు. యానాం వాళ్ళకు ఇట్లాంటి పనుల సంగతి నేను చెప్పాలా? చాటు ఊరు మార్చింది, అంతే.

ఎంత తక్కువైనా ఆల్కహాలు ఆరోగ్యానికి సురక్షితం కాదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అది నిజమే, నేను ఎదురు చెప్పను. ముట్టనివాళ్ళు ముట్టకుండా ఉండేదే మేలు. నేను మాట్లాడేది ఇప్పటికే తాగుతున్నవాళ్ళ గురించి, డిక్కీ దగ్గరా ట్యాంకు దగ్గరా ఉన్నవాళ్ళ గురించి. పిల్లలు చూస్తారే అంటారు. పిల్లలు ఇప్పుడూ చూస్తున్నారు. వాళ్ళు చూసేది తాగడం, దాని మీద ఒక అబద్ధం, ఆ అబద్ధాన్ని అందరూ మోయడం.

కాబట్టి నా మాట ఇది. తాగేదుంటే ఇంట్లో, అందరి ఎదుట, అన్నంతో పాటు, కొలిచి. బండి తాళాలు ముందే బల్ల మీద గిన్నెలో పడాలి. రెండో గ్లాసు ఎవరిదో అందరికీ తెలియాలి. తాగనివాళ్ళకు కూడా అదే ఎత్తు గ్లాసు, అదే చక్కోత, రమ్ము లేకుండా. గ్లాసు చూసి ఎవరు ఏమిటో తెలియకూడదు, రమ్మనూ వద్దనూ ఒత్తిడి ఉండకూడదు. బీపీకి, కొలెస్ట్రాలుకు మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు చక్కోత రసం గురించి డాక్టరును అడగండి, కొన్ని మాత్రలకు అది పడదు, రమ్ము లేకపోయినా సరే. మానడానికి ప్రయత్నం చేసే మనిషి ఇంట్లో ఒక్కరున్నా, ఆ ఇంట్లో సీసానే వద్దు. అక్కడ నా వాదన చెల్లదు.

ఈ హొసతొడకు ఎట్లా అయింది అంటే, డిక్కీ దగ్గర నుంచి ఇద్దరు మామలు లోపలికి వచ్చినారు, మొహాలు కొంచెం చిన్నబోయినా గ్లాసు తీసుకున్నారు. పెద్ద మామ రాలేదు. చిన్నమ్మ వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడింది. దగ్గు మందు మూత తీసి గీతలు చూసింది.

"ఎంత పోసినావురా?"

"ముప్పై, చిన్నమ్మా."

"అందరికీనా?"

"తాగేవాళ్ళకి. గ్లాసుకు అంతే."

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు అది లేకుండా ఒకటి చెయ్" అన్నది. చేసి ఇస్తే రెండు గుక్కలు తాగి, ఉప్పు వెయ్యలేదు నువ్వు అన్నది. పైన రాసిన ఉప్పు ఆమె చేర్చిందే.