అడ్వాన్సు ఎవరి డబ్బు?

ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కూతురితో కలిసి హైదరాబాదులో రెండు గదుల పోర్షనులో నాలుగేళ్ళు ఉంది. అద్దె నెలకు 8 వేలు. చేరేటప్పుడు మెడలో గొలుసు తాకట్టు పెట్టి మూడు నెలల అద్దె, అంటే 24 వేలు అడ్వాన్సు కట్టింది. ఒక్క నెల కూడా అద్దె ఆపలేదు. ఖాళీ చేస్తానని నెల ముందే చెప్పింది. తాళం చెవి తిరిగి ఇచ్చిన రోజున ఇంటాయన లెక్క చెప్పాడు. పెయింటింగుకు ఒక నెల అద్దె, గోడకు మేకులు కొట్టినందుకు 3 వేలు, బాత్రూం తలుపు ఉబ్బినందుకు 4 వేలు, సింకు కింద పైపు మార్చడానికి 4 వేలు. చేతిలో పెట్టింది 5 వేలు. బిల్లులు చూపించమంటే, "మగదిక్కు లేకపోయినా ఇల్లిచ్చాం, అది చాలదా?" అన్నాడు.

ఈ మాట దగ్గర మనం ఆగాలి. మన సంఘాలకు వచ్చే కేసుల్లో అడ్వాన్సు గొడవను చిన్న విషయంగా చూడడం మనకు అలవాటయింది. కట్నం కేసు, హింస కేసు, జీతం ఎగ్గొట్టిన కేసు రిజిస్టరులోకి ఎక్కుతాయి. అడ్వాన్సు మాత్రం "సర్దుకుపొమ్మా" అనే సలహాతో ముగుస్తుంది. కానీ ఒంటరిగా బతికే స్త్రీకి మరో గడప దొరకాలంటే ముందుగా కావలసింది ఆ డబ్బే. పాత ఇంటి అడ్వాన్సు రాకపోతే కొత్త ఇంటికి అడ్వాన్సు లేదు. చెడిన ఇంట్లోనే, చెడిన సంబంధంలోనే ఉండిపోవడానికి అదొక కారణం అవుతోంది.

చట్టం ఏమంటోంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను అద్దెదారు బాధ్యతను స్పష్టంగానే చెప్పింది. తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. అయితే మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదల, తరుగుదల ఆ లెక్కలోకి రావు. నాలుగేళ్ళలో గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల. పాత పైపు కారడం అరుగుదల. తలుపును గొడ్డలితో కొడితే అది నష్టం. ఈ రెంటికీ మధ్య ఉన్న గీతను చెరిపేయడమే ఇంటివాళ్ళ లెక్కల్లోని కిటుకు.

అడ్వాన్సుకు హద్దు పెట్టాలన్న ఆలోచన కూడా మనకు కొత్త కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంది. గూడూరులోని ఒక హోటలు కేసులో 1989లో సుప్రీం కోర్టు ఈ నిబంధనను గుర్తు చేసింది. హద్దు మించిన అడ్వాన్సును తన దగ్గరే ఉంచుకున్న యజమాని, అద్దె బకాయి ఉందని చెప్పి అద్దెదారుని వెళ్ళగొట్టలేడని తేల్చింది. కానీ 2005లో వచ్చిన సవరణ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె ఇళ్ళను ఈ చట్టం నుంచి తప్పించింది. మన నర్సుకు ఈ రక్షణ అందకుండా పోయింది అందుకే.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంది. ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే, రావలసిన బాకీ మినహాయించి మిగతాది ఇచ్చేయాలంది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు, కరెంటు వైరింగు యజమాని ఖాతాలో వేసింది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాల వంటివి అద్దెదారు ఖాతాలో వేసింది. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దాని బలం మనకు దక్కదు.

ఇందులో స్త్రీలకు మాత్రమే ఎదురయ్యే మరో చిక్కు ఉంది. గొలుసు తాకట్టు పెట్టేది ఆమె, చీటీ పాడి డబ్బు తెచ్చేది ఆమె. అగ్రిమెంటు మాత్రం భర్త పేరు మీద. కాపురం చెడితే ఆ అడ్వాన్సు భర్త చేతికే పోతుంది. అతను దానితో మరో చోట ఇల్లు తీసుకుంటాడు, ఆమె పుట్టింటి అరుగు మీద కూర్చుంటుంది. 2005 నాటి గృహహింస చట్టం అద్దె ఇంటిని కూడా ఉమ్మడి నివాసంగానే గుర్తించింది. ఆమెకు అదే స్థాయి వేరే వసతి చూపించమని గానీ, దాని అద్దె కట్టమని గానీ మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చు. ఆ పిటిషను రాసేటప్పుడు అడ్వాన్సు ఎంత, ఎవరు కట్టారు, రుజువేమిటి అన్నది కూడా రాయించడం మన కార్యకర్తల పని.

ఇంటివాళ్ళందరూ దుర్మార్గులని మనం అనడం లేదు. కింది పోర్షను అద్దెతో బతికే వితంతువులు, వృద్ధ స్త్రీలు మన సభ్యుల్లోనే ఉన్నారు. మూడు నెలల అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసినవాళ్ళ వల్ల నష్టపోయిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకూ అడ్వాన్సు ఒక భరోసాయే. కాగితం మీద లెక్క ఉంటే రక్షణ ఇద్దరికీ.

అందుకే మన సంఘాలు కొన్ని పనులు అలవాటుగా చేయాలి. అడ్వాన్సు రసీదు మీదో, బ్యాంకు ద్వారానో ఇప్పించాలి. పదకొండు నెలల అగ్రిమెంటులోనైనా సరే ఆమె పేరు ఉండాలి. చేరిన రోజునే గది గదికీ తిరిగి గోడ చెమ్మ, పగిలిన టైలు, మీటరు రీడింగు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి, ఫోటోలు తీసుకోవాలి. ఖాళీ చేసే రోజున అదే కాగితం పట్టుకుని ఇద్దరూ మళ్ళీ తిరగాలి. పట్టుకునే ప్రతి రూపాయికీ బిల్లు అడగాలి. చివరి నెలల అద్దెను అడ్వాన్సులో సర్దుకునే ఒప్పందమైతే అదీ రాతలో ఉండాలి.

అప్పటికీ ఇవ్వకపోతే రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి. పోలీసులు "ఇది సివిలు గొడవ" అంటారు, చాలావరకు అది నిజమే. కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తలుపు తట్టాలి. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రాజీ కుదుర్చుకోవచ్చు. కుదరకపోతే, డబ్బు బాకీ పడిన నాటి నుంచి మూడేళ్ళ లోపు దావా వేయాలి. వెనకాడుతూ ఆ గడువు దాటనివ్వకూడదు.

నర్సు విషయంలో మన కార్యకర్తలు ఇద్దరు ఆమెతో కలిసి ఆ ఇంటికి వెళ్ళారు. గొడవ పెట్టుకోలేదు. బిల్లులు అడిగారు, అవి లేవు. నోటీసు ఇస్తామన్నారు. పది రోజుల తరువాత మరో 12 వేలు వచ్చాయి. మిగతా 7 వేల కోసం అర్జీ పెట్టాలని ఆమే నిర్ణయించుకుంది. "డబ్బు కోసం కాదు, ఇల్లిచ్చి దయ చూపించామన్నారే, అందుకు" అంది.

ఆమె అద్దె కట్టి ఉంది, దయ మీద కాదు. ఆ ఇంట్లో ఆమె దాచిన అడ్వాన్సు ఆమెదే. ఈ మూడు నెలల్లో మీ రిజిస్టరులో అడ్వాన్సు కేసులకు ఒక పేజీ తెరవండి. ఎవరు కట్టారు, ఎవరి పేరు మీద ఉంది, ఎంత పట్టుకున్నారు, ఏ సాకు చెప్పారు అన్నది రాయండి. చట్టం మార్చమని ప్రభుత్వాన్ని అడగడానికి వెళ్ళే రోజున మన చేతిలో ఉండవలసినవి ఆ పేజీలే.