కెమేరా ఎవరి చేతిలో వుంది?

పిల్లలూ! రాజమండ్రి దగ్గర లాంచీ ఎక్కి పాపికొండలు చూసి వచ్చారా? బాపుగారి "అందాలరాముడు" (1973) కథంతా ఆ గోదావరి మీద పడవ ప్రయాణమే. ఆ దారిన తరవాత కూడా సినిమాలు వచ్చాయి. కాని కెమేరా పడవ దిగి కొండెక్కటం అరుదు. కొండమీద కొండరెడ్లు అనే గిరిజనులున్నారు మరి!

1941లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు వాళ్ళ మధ్య మకాం పెట్టి, ఫోటోలు తీసి, పుస్తకం రాశాడు. మంచి పనే. అయినా చూసిన కన్ను ఆయనది.

వాళ్ళే తీసుకుంటేనో? 1966లో అమెరికాలో, ఆరిజోనాలో, వర్త్, అడైర్ అనే ఇద్దరు పండితులు నవహో ఆదివాసులకు కెమేరా వాడకం నేర్పారు. ఏం తీయాలో వాళ్ళ యిష్టానికే వదిలేశారు. సూసీ బెనల్లీ అనే ఆమె తన తల్లి తివాసీ నేయటం తీసింది. మనమైతే మగ్గాన్నే చూపిస్తూ కూర్చుంటాం. ఆమె చిత్రంలో ఎక్కువసేపు కనిపించేవి గొర్రెలు, ఉన్ని కత్తిరింపు, వడకటం, రంగుమొక్కల కోసం నడక!

కొండరెడ్డి కుర్రవాడు బుట్ట అల్లకం తీస్తే, వెదురు కోసం కొండెక్కే దారే ముందు చూపుతాడేమో. పోలవరం ప్రాజెక్టు వల్ల అక్కడి ఊళ్ళు ఎన్నో ఖాళీ అయ్యాయి. ఆ దారులు ఎరిగిన తాతలు కొత్త కాలనీల అరుగులమీద కూర్చుని వున్నారు.

ఇప్పుడు ఫోనులోనే కెమేరా వుంది. చేతికిచ్చి, ఓపికగా నేర్పే మేష్టరు కావాలి. రంపచోడవరం వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలెవరైనా తాతను ఆ దారి అడిగి చిత్రం తీస్తే, నేను నేల టిక్కెట్టు కొని మరీ చూస్తాను.