సాయా కాదు, గాయం

అనంతపురం కరువు నేల మీద గాయాలకు కొదవలేదు. ఫ్యాక్షన్ బాంబులకు తండ్రిని పోగొట్టుకున్న పిల్లలున్నారు. పురుగుమందు తాగి పడిపోయిన భర్తను మొదట చూసిన భార్యలున్నారు. పోలీసు దెబ్బలు తిని ఇల్లు చేరిన మా కుర్రాళ్లున్నారు. చచ్చినవాళ్ల లెక్క సర్కారు రాసుకుంటుంది. బతికి ఆ ఘడియలోనే ఇరుక్కుపోయినవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

మా ఇళ్లలో దాన్ని సాయా అంటాం. తావీజు కడతాం. పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోతాం. మీరేమో 'వీళ్లకు అన్నీ అనుమానాలే, ఎప్పటివో తవ్వుకుంటారు' అంటారు. మేం చెప్తున్నాం, అది జబ్బు. 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ గ్రంథంలో దాన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ పేరుతో చేర్చారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సిపాయిల పోరాటం దాని వెనక ఉంది. మా తరఫున పోరాడేదెవరు?

గుర్తులు చెప్తాం, వినండి. జరిగిపోయింది మళ్లీ కళ్లముందు జరుగుతుంది, పీడకలై నిద్ర లేపుతుంది. ఆ దారి, ఆ మాట, ఆ మనిషి ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతారు. తప్పంతా నాదేనని కుమిలిపోతారు, పండగ పూట కూడా మనసు మొద్దుబారి ఉంటుంది. టపాసు పేలితే ఉలిక్కిపడతారు, ఊరికే కోపం తెచ్చుకుంటారు. నెల దాటినా ఇవి తగ్గక బతుకును చెడగొడుతుంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కొందరిలో నెలల తర్వాత కూడా బయటపడతాయి.

పోలీసు దెబ్బల మాటే తీసుకోండి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత మా యువకుల్ని పట్టుకుపోయారు. వాళ్లు పడ్డ చిత్రహింసల్ని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది నివేదికలో రాశాడు. కోర్టు నిర్దోషులంది. తీర్పు కాగితం జైలు తలుపు తెరిచింది. కలలోకొచ్చే లాఠీని ఆపగలదా? మరిచిపోవడం మా చేతిలో ఉంటే అది జబ్బెందుకవుతుంది?

మావాళ్లకూ ఓ మాట. దువా చేయండి, తప్పులేదు. గొలుసులు మాత్రం వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో, దర్గా ఊరు ఎర్వాడిలోని ఒక ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు చనిపోయారు. దీనికి మాటలతో చేసే చికిత్స ఉంది, మందులున్నాయి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు పైసా అడక్కుండా తెలుగులో మాట్లాడతారు.

సర్కారుకు మా డిమాండ్ ఒకటే. మండల ఆసుపత్రిలో ఈ గుర్తులు తెలిసిన డాక్టరు కావాలి. మా అమ్మలు 'దిల్ ఘబ్రారా' అంటే బలం బిళ్లలిచ్చి పంపొద్దు. 'ఏం చూశావమ్మా?' అని అడగండి.