రేకు ముక్క వైద్యం ఇక చాలు

నరసన్నపేట మీదుగా పోయే 16వ నెంబరు జాతీయ రహదారిపై బస్సులకూ లారీలకూ కొదవ లేదు. కాని జలుమూరు, పోలాకి, సారవకోట వైపు పల్లెల జనం ఆస్పత్రికో, బజారుకో, చదువుకో పేటకు రావాలంటే చాలా మందికి వ్యానే దిక్కు. ఆ వ్యాను ఒక పూట షెడ్డులో పడుకుంటే యజమానికి రాబడి పోతుంది, ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. అందుచేత చౌకగా, తొందరగా బాగుచేసి పంపే మెకానిక్కు దేవుడిలా కనిపించడంలో వింత లేదు. అయితే డీజిల్ వ్యాన్లలోని ఈజీఆర్ వాల్వు విషయంలో ఈ తొందర వైద్యం అందరికీ చేటు తెస్తున్నది.

ఈ వాల్వు చేసే పనేమిటి? ఇంజను వదిలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపుతుంది. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. ఇంజనులో మంట వేడి బాగా పెరిగితే ఆ నత్రజని ప్రాణవాయువుతో కలిసి విషవాయువులుగా మారుతుంది. ఒకసారి కాలిన పొగలో ప్రాణవాయువు తక్కువ కనుక, దానిని కొద్దిగా కలిపితే మంట జోరు తగ్గి ఆ విషం తక్కువగా పుడుతుంది. 2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 నిబంధనలు దేశమంతటా అమలులోకి వచ్చాక ఈ వాల్వు ప్రాధాన్యం మరింత పెరిగింది.

పొగలోని మసి, ఇంజను ఆయిలు ఆవిరి కలిసి వాల్వు లోపల తారులాగా గడ్డకడతాయి. మన వ్యాన్ల నడక కూడా దీనికి తోడవుతుంది. ప్రతి ఊరి మలుపులోనూ ఆగడం, సీట్లు నిండేదాకా ఇంజను ఆపకుండా ఉంచడం, రెండు మూడు కోసుల దూరానికే తిరిగి రావడం వల్ల ఇంజను పూర్తిగా వేడెక్కదు, మసి వదలదు. వాల్వు తెరుచుకుని బిగుసుకుపోతే బండి లాగదు, నల్ల పొగ కక్కుతుంది, ఆగి ఉన్నప్పుడు వణుకుతుంది. మీటరు దగ్గర ఇంజను దీపం వెలుగుతుంది.

అప్పుడు కొన్ని షెడ్లలో చేసే పని, దారికి అడ్డంగా ఒక రేకు ముక్క బిగించడం. బండి మళ్ళీ లాగుతుంది, నల్ల పొగ కూడా తగ్గుతుంది. ఇందులో అబద్ధం లేదు. కాని కంటికి కనిపించే పొగ తగ్గి, కనిపించని నత్రజని విషవాయువులు పెరుగుతాయి. ఇవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఉబ్బస రోగులను ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. కూడలిలో వ్యాను కోసం నిలబడే బడిపిల్లలు, ముసలివారు, రోజంతా స్టీరింగు దగ్గర కూర్చునే డ్రైవరు పీల్చేది ఆ గాలినే. పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉందనుకుంటే లాభం లేదు. ఆ పరీక్షలో డీజిల్ బండికి పొగ నలుపును కొలుస్తారే తప్ప ఈ వాయువులను కొలవరు.

పరీక్ష వేళ మాత్రమే ఈ వాయువులు తగ్గేలా కార్లలో ఏర్పాటు చేసినందుకు 2015లో వోక్స్‌వ్యాగన్ కంపెనీ అమెరికాలో దొరికిపోయి, లోకం ముందు తలవంచుకుంది. పెద్ద కంపెనీ చేస్తే మోసమైనది మన షెడ్డులో చేస్తే సర్దుబాటు ఎలా అవుతుంది? మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే 10 వేల రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. 3 నెలలు లైసెన్సు కూడా పోతుంది.

నిజానికి ఇది గోటితో పోయే పని. ముందుగా ఎయిర్ ఫిల్టరు, టర్బో గొట్టాలు, ఇంజెక్టర్లు చూడాలి. వాటి తప్పుకు కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అవి బాగుంటే, ఇంజను చల్లారాక బ్యాటరీ వైరు తీసి వాల్వు విప్పించాలి. కార్బన్ క్లీనర్ చల్లి, మసి నానాక మెత్తని బ్రష్షుతో తుడవాలి. స్క్రూడ్రైవరుతో గీకితే వాల్వు అంచు పాడవుతుంది. కరెంటు మోటారు ఉన్న వైపు తడపరాదు. ఊడిన మసి ఇంజనులో పడకుండా దారికి గుడ్డ అడ్డం పెట్టి, పని అయ్యాక మరచిపోకుండా తీయాలి. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి. పల్లె రూట్లలో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో గడువు చెప్పకపోతే ఏడాదికి ఒకసారైనా విప్పి చూడడం మంచిది.

శుభ్రం చేసినా వాల్వు కదలకపోతే, మోటారు కాలిపోతే, పళ్ళు అరిగిపోతే కొత్తది వేయక తప్పదు. రేడియేటరు నీళ్ళు బయట కారకుండానే తగ్గిపోతూ తెల్ల పొగ వస్తుంటే ఈజీఆర్ కూలరును కూడా పరీక్షించాలి. కొన్ని బండ్లలో కొత్త వాల్వు వేశాక కంప్యూటరుతో దానిని సరిచేయించాలి. పాత వాల్వును, రాతపూర్వక బిల్లును అడిగి తీసుకోవడం యజమాని హక్కు.

మెకానిక్కులను నిందించి ప్రయోజనం లేదు. పాత ఇంజన్ల మీద చేయి తిరిగిన వారికి ఈ కొత్త పరికరాల గురించి చెప్పేవారు ఉండాలి కదా! రవాణా శాఖ, జిల్లాలోని ఐటీఐలు కలిసి పేటలోనే షెడ్ల వారికి సాయంత్రం పూట శిక్షణ ఇప్పించాలి. తనిఖీలలో పొగ నలుపుతో సరిపెట్టక, రేకు ముక్క ఉందేమో చూడాలి. వ్యాను యజమానులు కూడా సీట్లు నిండేదాకా ఇంజను ఆపి ఉంచితే డీజిలు ఆదా, వాల్వు ఆదా, ఎదురు చూసే జనం ఊపిరి ఆదా. ఈ చివరి పనికి ఏ అధికారి ఉత్తర్వూ అక్కరలేదు.